అటక మీది కాఫీ గింజలు

మా అత్తగారు కాఫీ గింజని చూసి కొనేవారు కాదు, కొరికి కొనేవారు. బస్తా మూతి విప్పించి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి ఒక గింజ తీసి పక్క పళ్ళ మధ్య పెట్టి నొక్కేవారు. పన్ను దిగిందంటే గింజ ఇంకా పచ్చి. దిగకుండా పన్నే జిల్లుమంటే బాగా ఎండినట్టు. తర్వాత దాన్ని నాలుక మీద కాసేపు తిప్పి, వాసన ముక్కు దాకా ఎక్కించుకుని, అరచేతిలోకి ఉమ్మి, అప్పుడు మాట్లాడేవారు. తెచ్చిన మనిషి అంతసేపూ ఆవిడ దవడ వంకే చూస్తూ నిలబడాలి. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా అలాగే కొరికి చూస్తారేమోనని నాకు భయం. ఒక రకంగా చూశారు కూడా, కాకపోతే చాలా నెమ్మదిగా.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో మాది కాఫీపొడి కొట్టు. మామగారు పెట్టింది. ఆయన పోయాక అత్తగారే గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. మా ఆయన పేపరు మిల్లులో షిఫ్టుల మనిషి, కొట్టు ఆయనకి పట్టదు. అందుకని గింజలు వేయించే డ్రమ్ము తిప్పడం నా వంతుకి వచ్చింది. బొగ్గుల మీద ఆ డ్రమ్ము తిరుగుతుంటే వాసనకి సందు సందంతా మా కొట్టు వైపు తల తిప్పేది. నా చీరలన్నింటికీ ఆ వాసనే. గింజలు కర్ణాటక నుంచి ఏజెంటు ద్వారా వచ్చేవి. మేం దాన్ని పడమటి గింజ అనేవాళ్ళం.

ఇది తొంభైల చివర్లో మాట. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో కాఫీ పొట్లాల మీద పచ్చని ఆకు బొమ్మ వేసి, ఆర్గానిక్ అని రాసి, రైతుకి న్యాయమైన ధర ఇచ్చాం అని కింద చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. మంచిదే. నేనూ తిప్పి చదువుతాను. కానీ ఆ చిన్న అక్షరాల వెనక ఎంత పేచీ ఉంటుందో పొట్లం చెప్పదు. మా ఇంట్లో ఆ పేచీ నా కళ్ళ ముందు జరిగింది.

ఏటా వేసవి మొదట్లో చింతపండుకీ కుంకుడుకాయలకీ అత్తగారు మన్యం వెళ్ళేవారు. రంపచోడవరం దాటి, బస్సు ఘాట్ ఎక్కి, మారేడుమిల్లి వైపు వారానికొకసారి జరిగే సంత. బజార్లో దొరికేదాని కోసం అంత దూరం ఎందుకండీ అంటే, "బజార్లో చింతపండు గింజలతో కలిపి తూస్తాడే" అనేవారు. ఆ ఏడు నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

సంతలో ఒకామె చింతపండు బుట్టల పక్కనే గోనె మీద కాఫీ గింజలు పోసుకుని కూర్చుంది. నా వయసే ఉంటుంది, ముప్ఫై లోపు. కొండల్లో కాఫీ పండిస్తారని విన్నాను గానీ, ఇలా శీకాయల పక్కన రాశి పోసి అమ్ముతారని నాకు తెలీదు. అత్తగారు గొంతుక్కూర్చుని, "ఎరువేం వేస్తావమ్మా?" అని అడిగారు.

"ఎరువా? ఏం ఎయ్యమండి. పెద్ద చెట్ల కింద ఉంటాయి. రాలిన ఆకే."

"పురుగుమందు?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అత్తగారు నా వైపు చూశారు. ఆవిడ పుట్టిల్లు కోనసీమ. మా డెల్టాలో వరిచేలకి మందు కొట్టిన రోజుల్లో బోదె కాలవల్లో నీళ్ళు ముట్టుకోవద్దని పిల్లల్ని కేకలేసేవారు. చచ్చిన చేపలు తెల్లగా తేలేవి. మందే ఎరగని పంట కళ్ళెదుట కనబడేసరికి ఆవిడ ముఖం విప్పారింది. చెయ్యి రాశి వైపు చాచారు కూడా, కొరకడానికే.

సరిగ్గా అప్పుడు బేరగాడొచ్చాడు. ఏటా అవి కొనేది అతనే. డబ్బాతో కొలుస్తున్నాడు. డబ్బా నిండాక కూడా ఆగకుండా, మోచేతిని గట్టులా అడ్డం పెట్టి, దాని మీద గోపురం లేచేదాకా ఎత్తి పోస్తున్నాడు. ఆ గోపురంతో సహా ఒక డబ్బా. పక్కనే కాటా ఉంది, చింతపండుకి.

అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏం నాయనా, డబ్బా నిండిందా, ఇంకా నిండాలా?"

"మీకెందుకండి మామ్మగారూ. ఇది మాకూ మాకూ ఉన్నదే."

"కాటా ఉంది కదా. ఎత్తు దాని మీద."

"గింజలకి కాటా ఉండదండి ఇక్కడ."

ఇక చూడాలి. ఆవిడకి కోపం నషాళానికెక్కింది. ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ నాన్నగారు కౌలుకి చేసేవారు. భూమి ఆసామి ఇంట్లో ధాన్యం కొలిచే కుంచాలు రెండుండేవట, కొలిచి తీసుకునేది ఒకటి, కొలిచి ఇచ్చేది ఒకటి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండేవి. తేడా తెలిసి కూడా వాళ్ళ నాన్న కళ్ళం మీద తల వంచుకుని నిలబడేవారట. ఆ కథ నాకు పెళ్ళయిన నెలలోనే చెప్పారు, తర్వాత ఏడాదికి నాలుగు సార్లు చెప్పారు.

బేరగాడి మీద అరిచి ప్రయోజనం లేదని తెలిసి ఆవిడ గింజలామె వైపు తిరిగారు. "ఈ ఏటికి పోనీ. వచ్చే ఏడు నీ కాపంతా నా కొట్టుకి తీసుకురా. కాటా వేసి తీసుకుంటాను. పడమటి గింజకి ఎంతిస్తున్నానో నీకూ అంతే."

ఆమె వెంటనే నమ్మలేదు. నమ్మాలని మాత్రం ఉంది, అది ముఖంలో తెలుస్తోంది. "నిజంగా కొంటారా అమ్మగారూ? మా ఆయన ఈ చెట్లు కొట్టేసి జీడిమామిడి పెడదామంటన్నాడు. గొడ్డలి నూరుకుని కూర్చున్నాడు. మా అత్త పెట్టిన చెట్లండి అవి. మీరు కొంటానంటే ఒక్క ఏడు ఆగమంటాను."

"ఆగమను" అన్నారు అత్తగారు, అక్కడికి అతను తన కొడుకే అయినట్టు.

కొట్టు ఎక్కడుందో, బస్సు ఎక్కడ దిగాలో నాలుగుసార్లు చెప్పాం. తిరుగు బస్సులో చింతపండు బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక నేను మెల్లిగా అన్నాను. "అత్తయ్యగారూ, గింజ కొరకలేదండి మీరు."

గోకవరం వచ్చాక ఆవిడ అన్నారు, "కోపంలో మర్చిపోయానే."

ఏడాది తిరిగింది. ఒకరోజు పొద్దున్నే కొట్టు ముందు ఆటో ఆగింది. ఆమే. రెండు బస్తాలు దింపించింది. ఉతికిన చీర కట్టుకుని, తలలో అడవి పువ్వేదో పెట్టుకుని వచ్చింది, పెళ్ళికొచ్చినట్టు. అత్తగారు నవ్వుతూ ఎదురెళ్ళారు. బస్తా విప్పించారు. చెయ్యి మోచేతి దాకా పోనిచ్చారు. కొరికారు.

గింజ బాగా ఎండింది, ఆ చప్పుడు నాకే వినబడింది. కానీ నాలుక మీద తిప్పుతూ తిప్పుతూ ఆవిడ ముఖం మారిపోయింది. గింజ చేతిలోకి ఉమ్మి నాకందించారు. వాసన చూశాను. పొగ. మామూలు పొగ కాదు, ఏళ్ళ తరబడి వంట చేసిన గది పొగ.

"ఎక్కడ దాచావమ్మా?" అన్నారు అత్తగారు.

"అటక మీదండి. పొయ్యి పైన. మేం జొన్న విత్తనం, మొక్కజొన్న విత్తనం అక్కడే దాస్తాం. పొగ తగుల్తా ఉంటే పురుగు పట్టదు. వేరే సామాన్లన్నీ కిందికి దింపేసి మీ గింజలే పెట్టాను."

వాళ్ళింట్లో విత్తనానికి తప్ప దేనికీ ఇవ్వని చోటు ఆమె మా గింజలకి ఇచ్చింది. ఇంతకన్నా భద్రంగా ఎవరూ దాచలేరు. ఆ భద్రమే కొంప ముంచింది. పక్కింటి పోపు వాసన కూడా పీల్చేసుకునే సరుకు కాఫీ. అలాంటిదాన్ని నెలల తరబడి పొయ్యి మీద పెట్టింది.

అత్తగారు నాతో, "ఒక వాయి వేయించు" అన్నారు. వేయించి, దంచి, రెండు ఫిల్టర్లలో రెండు డికాషన్లు దింపాను. ఒకటి మా మామూలు పొడి, ఒకటి ఆమె గింజలది. రెండు గ్లాసులు ఆమె ముందు పెట్టారు.

"నువ్వెప్పుడైనా తాగావా?"

"లేదండి. మేం జావ తాగుతాం. ఇది అమ్మడానికే కదండి."

మొదటి గ్లాసు ఒక గుక్క తాగి, జ్వరానికి పోసే కషాయంలా ఉందని ముఖం ముడిచింది. రెండోది తాగింది. మరో గుక్క తాగింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇది మా ఇంటి వాసనండి" అంది. అంత సంతోషంగా అనేసరికి నేను తల తిప్పుకున్నాను. నా మొహం చూసింది కాబోలు, ఆ నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది. మళ్ళీ మొదటి గ్లాసు తీసుకుని వాసన చూసింది. తర్వాత రెండోది.

"ఇందులో మా పొగ ఉంది" అంది తనంతట తనే. "ఉండకూడదా?"

"ఉండకూడదమ్మా" అన్నారు అత్తగారు. "గింజ బంగారంలాంటిది. దాచిన చోటే తంటా తెచ్చింది. తాగేవాళ్ళు ఒప్పుకోరు."

"అయితే పట్టుకుపోతానండి" అంది. బస్తా మూతికి తాడు బిగించడం మొదలుపెట్టింది. నాకు గొడ్డలి గుర్తొచ్చింది. ఆమెకీ గుర్తొచ్చే ఉంటుంది.

అత్తగారు నా వైపు తిరిగి, "కాటా తియ్యి" అన్నారు.

తూచాం. అన్న ధరకే తీసుకున్నారు, పైసా తగ్గించలేదు. వచ్చే ఏడు అటక మీద వద్దని, వెదురు చాపల మీద ఎండబెట్టి వెలుతురున్న గదిలో గోడకి దూరంగా ఉంచమని, చింతపండు పక్కన అసలే పెట్టొద్దని పదిసార్లు చెప్పి పంపించారు. ఆటో కదిలాక నాకు ఒళ్ళు మండింది. ధర్మానికి పోయి రెండు బస్తాల పొగ కొన్నాం అన్నాను. ఆవిడ విననట్టు డబ్బాలు తుడుచుకున్నారు.

మర్నాడు నేనే ఉపాయం చెప్పాను. చికోరీ కాస్త ఎక్కువ వేసి, పడమటి గింజలో కొంచెం కొంచెంగా కలిపేద్దాం, ఎవరికీ తెలీదు.

"తెలీకుండా అమ్మితే నాకూ ఆ డబ్బా వాడికీ తేడా ఏంటే?" అన్నారు. అని ఊరుకోలేదు. ఒక పలక తెచ్చి, సుద్దముక్కతో నా చేత రాయించారు. మన్యం కాఫీ, మందు వెయ్యని పంట, పొగ వాసన ఉంటుంది. అమ్మే సరుకుకి ఉన్న లోపం పలక మీద రాసి గుమ్మానికి వేలాడదీసిన కొట్టు రాజమండ్రిలో మాదొక్కటే అయి ఉంటుంది. జనం చదివి నవ్వుకుని, మామూలు పొడి కొనుక్కుని పోయారు.

మాకొక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఖాతా. ఆదివారం చర్చి నుంచి వస్తూ తెల్లటి పంచెలో మా కొట్టు దగ్గర ఆగేవారు. ఆయన మెచ్చితే వెనకాల ఇంకో పదిమంది వస్తారు. అత్తగారు ఆయనకి కొంచెం పొట్లం కట్టిచ్చారు, రుచి చూడమని. తర్వాతి ఆదివారం ఆయన ఆ పొట్లం అలాగే తిరిగి తెచ్చారు. "ఏమీ అనుకోకండి మామ్మగారూ. ప్యాకెట్ పాలతో కలిపి తాగాం. తడిసిన కట్టెల పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది" అన్నారు. అత్తగారు నవ్వి పొట్లం తీసుకున్నారు గానీ, ఆయన వెళ్ళాక ఆ పొడి మళ్ళీ వాసన చూశారు.

మేమే తాగడం మొదలుపెట్టాం. అమ్ముడవనిది తాగక ఏం చేస్తాం. రోజూ పొద్దున్న మా ఆయన గ్లాసు చూసి నిట్టూర్చేవారు. నాకు ఆమె కళ్ళ ముందు మెదిలేది. ఈ ఏటికి ధర దక్కింది. కానీ ఈ బస్తాలు ఇలాగే మూలపడితే వచ్చే ఏడు మళ్ళీ కొనే ధైర్యం ఎవరికుంటుంది? అత్తగారికి కూడా ఉండదు. కొనేవాళ్ళు లేకపోతే ఆ చెట్లు ఉండవు.

ఒక మధ్యాహ్నం గేదె పాలు సిమ్‌లో పెట్టి కొట్టులో పడి మర్చిపోయాను. వెళ్ళి చూసేసరికి పాలు సగానికి ఇగిరి, మీగడ మందంగా కట్టి, లేత ఎర్రగా తిరిగాయి. పారబోస్తే తిట్లు తప్పవని, వాటిలోనే మన్యం డికాషన్ పోసి, పంచదార వేసి అత్తగారికిచ్చాను. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు. అయిపోయాను అనుకున్నాను.

"అమ్మాయ్" అన్నారు. "ఇది మా అమ్మ దాలి పాలలా ఉందే."

దాలి అంటే మా పల్లెల్లో పెరటి మూల గుంట. అందులో పిడకలు రాజేసి, మట్టికుండలో పాలు పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా వదిలేసేవారు. పాలు ఎర్రగా కాగి, పిడకల పొగ వాసన పట్టేవి. ఆ పాలు తాగి పెరిగినవాళ్ళు గ్యాసు పొయ్యి మీద పొంగిన పాలని జీవితాంతం చిన్నచూపు చూస్తారు. పట్నంలో దాలి ఎక్కడుంది? పొగ తప్పు కాదు, పల్చటి ప్యాకెట్ పాల పక్కన దానికి చోటు లేదు, అంతే. నాకు గట్టిగా నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది.

ఆదివారం హెడ్మాస్టరు గారిని బల్ల మీద కూర్చోబెట్టాం. అదే పొడి అని చెప్పి మరీ ఇచ్చారు అత్తగారు. ఆయనదీ కోనసీమే, రాజోలు వైపు. మొహమాటానికి అందుకుని, ఇష్టం లేకుండానే తాగి, ఆగారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"ఏంటండీ ఇది" అన్నారు. "నేను స్కూలుకి వెళ్ళేముందు మా అమ్మ ఇచ్చే పాలు."

పావుకిలో కట్టించుకున్నారు. పాలు ఎలా ఇగరబెట్టాలో అడిగి తెలుసుకున్నారు. నేను పలక తుడిచి మళ్ళీ రాశాను, పొగ వాసన ఉంటుంది, పాలు బాగా ఇగరబెట్టి కలుపుకోండి అని. ఆయన వెనక పల్లెల్లో పుట్టి పట్నంలో ఉంటున్న పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కోడళ్ళు పొయ్యి మీద అంతసేపు పాలు పెట్టనివ్వడం లేదని మా అత్తగారికి ఫిర్యాదులు చేసేవారు. వానాకాలం ముగిసేసరికి రెండో బస్తా అడుగు కనబడింది.

ఆ మరుసటేడు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్కతే కాదు. వెనక ఒక మనిషి బస్తా భుజాన వేసుకుని వచ్చాడు, బక్కపల్చగా, ఎవరి వైపూ చూడకుండా. అతనే గొడ్డలి మనిషి. అత్తగారు బస్తాలోకి చెయ్యి పోనిచ్చి, గింజ కొరికి, నాలుక మీద తిప్పారు. ఇద్దరూ ఆవిడ దవడ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఆవిడ ఉమ్మలేదు, మింగేశారు.

"పొగ లేదు" అన్నారు. అంతమాత్రానికే ఆమె చేతులతో ముఖం కప్పుకుంది.

ఆ వారం హెడ్మాస్టరు గారొచ్చి పొగది లేదా అని అడిగారు. "మీ పొగ కోసం ఆవిడ పంట పాడుచేసుకోదు మాస్టారూ. కావాలంటే పెరట్లో దాలి పెట్టుకోండి" అన్నారు అత్తగారు. ఆయన అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటారు. అయినా పొగ లేనిదే పట్టుకెళ్ళారు, మరి ఇంకెక్కడికీ పోలేదు.

కాటా అయ్యాక ఆ గొడ్డలి మనిషికి కాఫీ ఇచ్చాను. తన చెట్ల కాఫీ తాగడం అతనికదే మొదటిసారి. ఎలా ఉందో చెబుతాడని అత్తగారు ఎదురుచూశారు. అతను గ్లాసు అడుగు పంచదార కూడా వేలితో తీసి నాకి, అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు.

"కొండ అవతల ఏపు కూడా మొక్కలు పెట్టామండి. కాయడానికి మూడు నాలుగేళ్ళు పడతాది." ఆగి, ఆవిడ తెల్లజుట్టు వైపు చూశాడు. "అప్పటిదాకా ఉంటారా మీరు?"

ఆమె అతని మోచెయ్యి పట్టి లాగింది. అత్తగారు మాత్రం కోప్పడలేదు. అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే. చెట్టు పెట్టేవాడు ఎదురుచూడాలి కాబట్టి, కొనేవాడి ఆయుష్షు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

"ఉంటానయ్యా" అన్నారు.

ఉన్నారు. కొండ అవతలి చెట్ల మొదటి కాపు వచ్చేసరికి ఆవిడ నడుము వంగింది, చూపు మందగించింది, గల్లాపెట్టె ముందు నుంచి లేవాలంటే నా భుజం కావాలి. అతనే బస్తా తెచ్చి మూతి విప్పాడు. ఆవిడ ఎప్పటిలాగే చెయ్యి మోచేతి దాకా పోనిచ్చి అడుగు నుంచి ఒక గింజ తీశారు. నోటి దాకా తీసుకెళ్ళి ఆగారు. పక్క పళ్ళు రెండూ ఆ ఏడే ఊడిపోయాయి.

గింజ నా అరచేతిలో పెట్టారు.

"నువ్వు కొరుకు" అన్నారు.

నేను పళ్ళ మధ్య పెట్టుకుని నొక్కాను. ఆ దంపతులిద్దరూ ఆవిడ వైపు చూడడం మానేసి నా దవడ వైపు చూస్తున్నారు.